బడికి రోగం, ఐలాకు అనుమానం

ఐలాకు యాభై ఎనిమిదేళ్లు. ఉత్తరాన మంచుదేశంలో కూసివారా అనే ఊరి బడి వంటగదిలో ఇరవై మూడేళ్లుగా గరిటె తిప్పుతోంది. గురువారం వస్తే బఠాణీ సూపు, ఆపైన జామ్ పూసిన అట్టు. ఆమె చేతి సూపు తాగకుండా ఆ ఊళ్లో పెద్దయినవాళ్లు తక్కువ.

బడికి మాత్రం ఎప్పుడో కుళ్లు పట్టింది. నేల కింద నీరు చేరి, గోడల లోపల బూజు పాకి, తలుపు తియ్యగానే కుళ్లిన బంగాళాదుంపల కంపు గుప్పుమనేది. ఆ కంపు బట్టలకూ జుట్టుకూ పట్టేది. ఐలా ఇంటికి రాగానే వసారాలోనే బట్టలు విప్పి బయట మంచులో దండేనికి తగిలించేది. ఓ శనివారం, ఊరి ఆడవాళ్లు కలిసి స్నానం చేసే ఆవిరిగదిలో పొరుగింటి మార్యుట్ ముక్కు మూసుకుంది.

"ఏమే ఐలా, బడిని కూడా స్నానానికి వెంటబెట్టుకొచ్చావా?"

అందరూ నవ్వారు. ఐలా కూడా నవ్వబోయి దగ్గులో పడింది.

ఆ దగ్గుకు నాలుగేళ్లు. ఆమె కోరేది ఒక్కటే: ఇది బడి వల్ల వచ్చిన జబ్బని డాక్టరు కాగితం మీద రాయాలి. ఆ ముక్క ఉంటేనే బడిని నడిపే మునిసిపాలిటీ ఆమెను వేరే వంటగదికి మారుస్తుంది. లేకపోతే ఉన్నచోటే దగ్గుతూ ఉండాలి.

ఉద్యోగులను చూసే డాక్టరమ్మ హౌటమాకికి జీతమిచ్చేది ఆ మునిసిపాలిటీయే. ఛాతీ విని, "శుభ్రంగా ఉంది. ఈ వయసు ఆడవాళ్లకు ఇవన్నీ మామూలే. మనసులో దిగులేమైనా ఉందా?" అంది.

"ఉందండీ. మీ దగ్గరికి ఇది ఆరోసారి రావడం."

చివరికి ఊపిరి బలం కొలిచే ఊదుడు గొట్టం ఒకటి చేతికిచ్చారు. పనిలో రెండు వారాలు, ఇంట్లో రెండు వారాలు, రెండు గంటలకోసారి ఊది అంకె రాయాలి. ఐలా ఒక్క పూట తప్పలేదు. పొయ్యి దగ్గర అంకె పడిపోయేది, ఇంట్లో లేచేది. డాక్టరు ఆ కాగితాలు తిరగేసి పక్కన పెట్టింది.

"ఇవి మీరు రాసుకున్నవేగా. పైగా కట్టడం బాగుందని నివేదిక ఉంది. గోడకు లేని రోగం మీకెక్కడిది?"

ఆ నివేదిక కోసం తనిఖీ వాళ్లు వచ్చే ముందు రెండు రోజులు కిటికీలన్నీ బార్లా తీసి, నల్లమచ్చల మీద తెల్లరంగు కొట్టిన సంగతి ఊరందరికీ తెలుసు. సిగ్గూ ఎగ్గూ లేని పని. ఒక్కరూ నోరు మెదపలేదు.

మార్చిలో పిల్లలకు ముక్కుల్లోంచి రక్తం కారింది. తల్లులు మునిసిపాలిటీ మీద పడ్డారు. మూడే మూడు వారాల్లో బడికి తాళం పడింది, తలుపు మీద కాగితం అంటించారు: తేమ, బూజు, ఆరోగ్యానికి హానికరం. మనిషికి నాలుగేళ్లు దొరకని ముక్క గోడకు మూడు వారాల్లో దొరికింది. పిల్లలనూ ఐలా వంటనూ రేకుల షెడ్లకు మార్చారు, పాత వంటగది అల్మరాలు కూడా అక్కడికే మోయించారు. కంపు కూడా వాటితోనే వచ్చింది.

ఐలా ఆ కాగితం నకలు పట్టుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తింది.

"ఇప్పుడు రాస్తారా?"

"నర్సు ఎదుట మళ్లీ ఊదాలి. ఆ కట్టడంలోనే పని చేస్తూ, రెండు వారాలు."

"దానికి తాళం వేశారు కదండీ!"

"అది నా చేతిలో లేదమ్మా."

ఇలాంటివాళ్లతో మాట్లాడాక చేతులు కడుక్కోవాలనిపిస్తుంది. ఐలా అక్కడి నుంచి నేరుగా మునిసిపాలిటీ కట్టడాల అధికారి ఓస్మో గదికి వెళ్లింది. చిన్నప్పుడు ఆమె చేత మూడోసారి కూడా సూపు పోయించుకున్న ఓస్మోయే.

"ఓస్మో, రెండు వారాలు ఆ బడి తాళంచెవి ఇప్పించు. నర్సు కూడా వస్తుంది."

"అమ్మో, ఐలక్కా! అందులోకి కుక్కను కూడా పంపను. ఊపిరితిత్తులు పాడైపోతాయి."

"సరిగ్గా ఆ ముక్కే రాసివ్వు."

ఓస్మో కలం అందుకున్నాడు. కాగితం మీదికి వంగి రాశాడు: కప్పు కూలే ప్రమాదం ఉన్నందున ప్రవేశం లేదు. కిందటేడే కొత్తగా వేయించిన కప్పు.

ఐలా చదివి కాగితాన్ని బల్ల మీద కొట్టింది. తిడదామని నోరు తెరిస్తే దగ్గు ముంచుకొచ్చింది, ఎంతకీ ఆగలేదు. ఓస్మో కుర్చీలోంచి లేచి, కిటికీ తెరిచి, చొక్కా చేతిని ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"ఐలక్కా... అది అంటుకుంటుందా ఏమిటి?"

ఐలా కళ్లు తుడుచుకుంది.

"నాకు రోగమే లేదని మీ డాక్టరమ్మ రాసింది కదరా. లేని రోగం నీకెలా అంటుకుంటుంది? దగ్గరికొచ్చి కూర్చో."

ఓస్మో కూర్చోలేదు.