మా నాయన చవి చూడని నీళ్ళు

చిట్టమూరు దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే ఊళ్ళలో వరి పండించేవాళ్ళు నీళ్ళను కంటితో నమ్మరు. వేసవిలో కాలువ సన్నబడితే, పోటు సమయంలో సముద్రపు పాయ నుంచి ఉప్పు నీళ్ళు ఎగదన్నుకుని వస్తాయి. చూస్తే తేడా తెలియదు. తెలియక చేలోకి వదిలితే ఆ ఏటి పంట అంతటితో సరి. అందుకని తూము పలక ఎత్తేముందు దోసెడు నీళ్ళు నోట్లో పోసుకుని, నాలుక మీద కాసేపు ఉంచి, ఉమ్మేసి, అప్పుడు నిర్ణయం చేస్తారు.

మా నాయనది చుట్ట కాల్చే నాలుక. దాని మీద ఆయనకే నమ్మకం లేదు. అందుకని నా చిన్నప్పటి నుంచే నన్ను తూము దగ్గరికి తీసుకెళ్ళి, "చెప్పు పాపా, ఎట్టుండాయి?" అని అడిగేవాడు. నేను మంచినీళ్ళంటే పలక లేచేది, ఉప్పంటే లేచేది కాదు. నాకంటే పెద్దవాడైన మా అన్నను ఎప్పుడూ అడగలేదు. రానురాను అది ఆయనకు ఎంత అలవాటైందంటే, పెళ్ళిళ్ళలో గ్లాసుతో నీళ్ళిచ్చినా ఒక గుక్క చవి చూసి, గ్లాసు నావైపు తిప్పి, కళ్ళతోనే అడిగేవాడు. బంధువులు నవ్వేవాళ్ళు. నాకు మాత్రం గర్వంగా ఉండేది.

మా ఆయన పోయాక నేను పుట్టింటికి తిరిగి వచ్చాను. అప్పటికే అమ్మ లేదు. నాయనకు గుండెకు స్టెంటు వేశారు, చేలోకి దిగే ఓపిక లేదు. అన్న నెల్లూరులో టైల్స్ షాపు పెట్టుకుని స్థిరపడ్డాడు. "ఈ చేను ఇంక నీదే అనుకో పాపా" అని నాయన అన్నాడు. ఆ మాట పట్టుకుని ఐదేళ్ళు బురదలో బతికాను. నాతోపాటు నాట్లు వేసే ఆమె ఒకతి ఉండేది. మనిషి గట్టిది, నోరు ఇంకా గట్టిది. మేమిద్దరం కలిసి ఆ చేనును పసిబిడ్డలాగా సాకాము.

మా చుట్టుపక్కల చేలన్నీ ఒకటొకటిగా రొయ్యల గుంటలైపోయాయి. మూడు వైపులా గట్లు, గుంటల్లో నీళ్ళకు గాలి పట్టించను గిరగిరా తిరిగే చక్రాలు, మధ్యలో పచ్చగా మాదొక్కటే. అన్న వచ్చినప్పుడల్లా మనం కూడా లీజుకు ఇచ్చేద్దామనేవాడు. నేను చీపురు తిరగేసినంత పని చేసేదాన్ని. నాయన ఏమీ అనేవాడు కాదు. ఆ మౌనం నా పక్షమనుకున్నాను.

ఈసారి చెరువులో నీళ్ళు మిగిలాయని వేసవిలో వేసే ఎడగారు పంటకు నారు పోశాను. నారు నాటుకు వచ్చేవేళ అన్న ఫోన్ చేశాడు. స్నేహితుడి దగ్గర ఒక బండి ఉందనీ, లోపలే మంచాలు, గ్యాస్ పొయ్యి, నీళ్ళ ట్యాంకు అన్నీ ఉంటాయనీ చెప్పాడు. "నాయనను నాలుగు రోజులు సముద్రం పక్కన తిప్పకొద్దాం మే. ఇంకెప్పుడు తిప్పతాం?" అన్నాడు. మా అన్న నోట అలాంటి మాట విని ఎన్నేళ్ళయిందో. నేను కరిగిపోయాను. నారు సంగతేమిటని మాత్రం వెనకాడాను.

"నారుకేం కాదులే పాపా. నాలుగు రోజులే కదా," అన్నది మా నాయనే.

బయలుదేరే రోజు పొద్దున్నే నారుమడికి నీళ్ళు పెడదామని తూము దగ్గరికి వెళ్తే, మోకాళ్ళు నొప్పులనే మనిషి నా వెనకాలే వచ్చాడు. గట్టు మీద నిలబడి మడి వైపే చూస్తున్నాడు. అడుగుతాడేమోనని ఆగాను. అడగలేదు. నేనే దోసెడు నీళ్ళు పట్టి, ఉమ్మేసి, "మంచినీళ్ళే నాయనా" అన్నాను. "ఊఁ" అన్నాడు. నారు ఏపుగా ఎదిగింది కదా, చూసి మురిసిపోతున్నాడనుకున్నాను.

బండి బాగానే ఉంది. కాకపోతే మంచం కింద అర తెరిస్తే గుప్పుమని రొయ్యల మేత వాసన. "ఇది మనుషులు పడుకునే బండా, రొయ్యలు పడుకునే బండా అన్నా?" అని నవ్వాను. వదిన కూడా నవ్వింది. అన్న అద్దం సర్దుకుంటూ కూర్చున్నాడు. ఇంకొక మాట కూడా చెప్పాడు, ఫోన్లన్నీ ముందరి డబ్బాలో పడేయాలని, నాలుగు రోజులు మనుషుల్లాగా ఉందామని. అందరికంటే ముందు నేనే వేశాను.

మా తీరం వెంబడి సూటిగా పోదామంటే కుదరదు. కాసేపు పోగానే ఒక పాయ అడ్డమొస్తుంది, లేకపోతే రోడ్డు ఇసుకలో కలిసిపోతుంది. మళ్ళీ వెనక్కి తిరిగి, హైవే ఎక్కి, ఇంకో చోట దిగాలి. ఒకచోట సరుగుడు తోట దాటగానే చక్రాలు ఇసుకలో కూరుకుపోయాయి. వల బాగుచేసుకుంటున్న వాళ్ళు వచ్చి తాడు కట్టి లాగారు. లాగుతూ లాగుతూ, పడవకైతే ఇసుక మీద అలవాటుందిగానీ ఈ బండికెందుకొచ్చిన తిప్పలని ఎగతాళి చేశారు. ఇంకోచోట గాలికి పొయ్యి వెలగక, వదినా నేనూ చీర కొంగులు అడ్డం పెట్టి ఉప్మా చేశాం. సగం ఇసుకే తిన్నాం.

నాయన మడతకుర్చీ వేసుకుని సముద్రాన్ని చూస్తూ కూర్చునేవాడు. "ఇన్ని నీళ్ళుండి ఏం లాభం, ఒక్క కుంట చేనుకు పనికిరావు," అన్నాడొకసారి. ఊరూరా పంపుల నీళ్ళు, బావుల నీళ్ళు, టీకొట్టు నీళ్ళు తాగాం. ఒక్కచోట కూడా గ్లాసు నావైపు తిప్పలేదు. ఇచ్చినవి ఇచ్చినట్టు గటగటా తాగేశాడు. అది నేను గమనించాను. గమనించి సంతోషించాను కూడా. ఇన్నాళ్ళకు ఈ మనిషి చేనును మరిచిపోయి ఊపిరి పీల్చుకుంటున్నాడని అనుకున్నాను. సాయంత్రాలు వదిన నాకు తలకు నూనె పెట్టి జడ వేసేది. అన్న చేపలు తెచ్చి తనే శుభ్రం చేసేవాడు. నిజం చెప్పాలంటే, మా ఆయన పోయాక నేను అంత సుఖంగా ఉన్న రోజులు లేవు.

జువ్వలదిన్నె హార్బరులో పడవలు బారులు తీరి ఉంటే ఫోటో తీద్దామని డబ్బాలోంచి ఫోన్ తీశాను. తెర నిండా నాట్లు వేసే ఆమె చేసిన కాల్సే. పక్కకు వెళ్ళి చేశాను.

"నిన్న పొద్దున్నుంచీ చేస్తాండా అక్కా. మన చేలో పొక్లెయిన్లు దిగినాయి. నారుమడి మీదే మట్టి పోసినారు," అంది. ఆమె ఏడుస్తోందో, కోపంతో రొప్పుతోందో అర్థం కాలేదు. "అడిగితే, మీరందరూ ఒప్పుకునే పోయినారని చెప్పినారు. మాకు ఒక్క మాట చెప్పకూడదా అక్కా? ఐదేళ్ళు నీతో బురద తొక్కితిమే."

నేను కాదు, నాకు తెలియదు అన్నాను. ఆమె నమ్మినట్టు లేదు. ఎలా నమ్ముతుంది, సముద్రం హోరు ఫోన్లో వినబడుతుంటే.

అన్న బండి వెనక నిలబడి పీతలు బేరం చేస్తున్నాడు. జబ్బ పట్టుకుని ఇవతలకు లాగాను. నా మొహం చూడగానే వాడికి అర్థమైంది.

"అరవబాక," అన్నాడు. "నాయన వింటాడు."

"ఈ బండి ఎవరిది?"

వాడు చెప్పనే అక్కర్లేదు, అరలో వాసన ఎప్పుడో చెప్పింది. చేను తీసుకున్న రొయ్యలవాడు గుంటల దగ్గర కాపలా పడుకునే బండి అది. మా చేను తవ్వుకోవడానికి వాడు బండి ఇచ్చాడు, మేము అందులో ఎక్కి ఉప్మా వండుకున్నాం.

"లీజుకు ఇచ్చినాలే. నాయనకు తెలీదు," అన్నాడు అన్న, గొంతు తగ్గించి. "తెలిస్తే తట్టుకోలేడు. స్టెంటు ఏసిన గుండె. ఊరికి పోయినాక నేనే నిదానంగా చెప్తా. అప్పటిదాకా నువ్వు నోరెత్తబాక మే. నాయన మీద నీకు ప్రేముంటే."

తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో నాకు ఆ పూట తెలిసింది. వాడికి నా సంగతి తెలుసు. నా కోపాన్ని ఆపగలిగేది ఒక్కటేనని తెలుసు. కంచే చేను మేసింది సరే, మేసిన సంగతి నాచేతే దాయించింది. ఇప్పుడే ఇంటికి పోదామంటే నాయన ఎందుకని అడుగుతాడు. అందుకని ఆ సాయంత్రమంతా నవ్వాను. వదిన పీతల పులుసు వడ్డించి, "తిను మే, చిక్కిపోయినావు," అంది. ఆవిడకూ తెలుసునని నాకు తెలుసు. నా జడలో ఆవిడ పెట్టిన నూనె ఇంకా ఆరలేదు. నాయన ఎదురుగా కూర్చుని ముద్దలు కలుపుకుంటుంటే ఆయన వైపు చూడలేకపోయాను. పాపం, ఏమీ తెలియని మనిషి అనుకున్నాను. ఆయన ముందు నేనే ద్రోహం చేస్తున్నట్టు కుమిలిపోయాను.

మర్నాడు తిరుగు ప్రయాణం. వెంకటాచలం దాటాక హైవే పక్కన హోటలు దగ్గర ఆపారు. అన్నా వదినా టిఫిన్ పొట్లాలకు దిగారు. బండిలో నేనూ నాయనా మిగిలాం. ఇంక నావల్ల కాలేదు. గట్టు మీద నిలబడి ఆ మట్టి చూసి కూలిపోయేకంటే, నా పక్కన కూర్చుని వినడం మంచిదనిపించింది. ఆయన నాలుక కింద పెట్టుకునే మాత్ర అరచేతిలో సిద్ధంగా పెట్టుకున్నాను.

"నాయనా, ఒక మాట చెప్తా. గాబరా పడబాక."

చెప్పాను. పొక్లెయిన్లు, నారుమడి, అన్న లీజు, బండి, అన్నీ చెప్పాను. చెబుతూ ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఆయన కిటికీలోంచి లారీలను చూస్తూ చివరిదాకా విన్నాడు. తర్వాత నా అరచేతిలోని మాత్రను చూశాడు.

"అది లోపల పెట్టు పాపా. నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"సంతకం పెట్టినాకే బండెక్కినా."

"మరి నన్నెందుకు తీసకొచ్చినారు?" అని అడిగాను, చిన్నపిల్లలాగా.

"నువ్వుంటే మిషన్‌కు అడ్డం పడుకుంటావు. నీ సంగతి నాకు తెలీదా?" అన్నాడు. తర్వాత మెల్లగా, "మూడు పక్కలా ఉప్పు చేరె. ఇంకెన్నేళ్ళు కాపాడతావు? నీకు చెప్తే ఒప్పుకోవు. నువ్వొద్దంటే నాకు సంతకం పెట్టను చెయ్యాడదు," అన్నాడు.

ఆయన చెప్పింది అబద్ధం కాదు. చేను అంచుల్లో చౌడు తేలుతున్న సంగతి నాకూ తెలుసు. అడిగి ఉంటే వద్దనే అనేదాన్ని, గొడవ పడేదాన్ని, నాలుగు రోజులు అన్నం మానేసేదాన్ని. తర్వాత ఏమో, చెప్పలేను. కానీ అడగాల్సింది. దోసెడు నీళ్ళకు నన్ను అడిగిన మనిషి, మొత్తం చేనుకు అడగలేదు. అన్న మోసం చేశాడంటే ఒళ్ళు మండింది, అంతే. నాయన కూడా కలిశాడని తెలిశాక మండడానికి ఏమీ మిగల్లేదు. ఈ విహారమంతా ఆయన కోసమనుకుని మురిశాను. ఆయన్ను కాదు తిప్పింది, నన్ను.

"మరి ఆ పొద్దు నారుమడికి నీళ్ళెందుకు పెట్టనిచ్చినావు?" అని అడిగాను.

ఆయన మళ్ళీ లారీల వైపు తిరిగాడు. అన్న టిఫిన్ పొట్లాలు తెచ్చి ఇచ్చాడు. ముగ్గురూ తిన్నారు.

ఊళ్ళో దిగగానే ఇంట్లోకి వెళ్ళకుండా చేలోకి నడిచాను. చేను లేదు. ఎర్రటి కొత్త గట్లు, వాటి మధ్య పెద్ద గొయ్యి. ఒక మూల పని అప్పుడే అయిపోయి, పాయలోంచి పైపు వేసి మోటారుతో నీళ్ళు వదిలారు. నారుమడి ఎక్కడుండేదో గుర్తుపట్టడానికి తూము ఒక్కటే ఆధారం. కాలువ వైపు మట్టితో పూడ్చేసినా, దాన్ని మాత్రం ఎందుకో తీయకుండా వదిలేశారు. నాట్లు వేసే ఆమె దూరంగా రోడ్డు మీద పోతూ నన్ను చూసి కూడా ఆగలేదు.

వెనక అడుగుల చప్పుడు. నాయన, కర్ర పట్టుకుని. ఇద్దరం తూము దగ్గర నిలబడ్డాం. నేను వంగి గుంటలోంచి దోసెడు నీళ్ళు పట్టి నోట్లో పోసుకున్నాను. సముద్రమే. నాలుక మండింది. ఉమ్మేశాను.

ఆయనలో అలవాటే గెలిచిందో, ఇంకేం మాట్లాడాలో తోచలేదో తెలియదు.

"చెప్పు పాపా," అన్నాడు. "ఎట్టుండాయి?"

"మంచినీళ్ళే నాయనా," అన్నాను. "పలక ఎత్తు."

ఆ తూము దగ్గర ఆయనకు నేను అబద్ధం చెప్పడం అదే మొదటిసారి. నమ్మినట్టుగా తల ఊపి, మా నాయన వంగి పలక మీద చెయ్యి వేశాడు.