అత్లోన్‌లో పదిమంది

నాకు లెక్కలు బాగా వచ్చనుకునేవాణ్ణి; మనుషుల్ని లెక్కపెట్టడమే రాదని ఆలస్యంగా తెలిసింది. పక్కింటి ముసలాయన భార్య పోయి ఏడాది కావస్తోంది. ఏడాది నిండే రోజున ఆమె కోసం చదవాల్సిన ప్రార్థనకు పదిమంది ఉండాలట. కాలు సహకరించక ఆయన డబ్లిన్‌లోని యూదుల ప్రార్థనా మందిరానికి వెళ్లలేడు. ఐర్లండ్‌లో మేముండే ఈ అత్లోన్‌లో యూదుడంటే ఆయనొక్కడే. "పదిమందే కదా, నేను తెస్తాను" అన్నాను. మనకు పదిమంది అంటే ఎవరైనా పదిమందే. ముందు జనాన్ని పోగేసి, ఎందుకన్నది తర్వాత అడిగే రకం నేను.

మినీబస్సు అద్దెకు తీసుకుని, నేనే నడుపుతూ, డబ్లిన్ శివారు సిటీవెస్ట్ నుంచి ఎనిమిదిమంది తెలుగువాళ్లను ఎక్కించుకొచ్చాను. నాతో, ఆయనతో పది సరిపోయింది.

ఆయన తలుపు తీసి అందరి ముఖాలూ చూశాడు. లోపల కూర్చోబెట్టి, మెల్లగా చెప్పాడు.

"మీరంతా మంచివాళ్లు. కానీ ఈ లెక్కలోకి యూదులే వస్తారు. మా మతం జెరూసలేం చుట్టూ కొండల్లో పుట్టింది. అక్కణ్ణించి బాబిలోన్, స్పెయిన్, మొరాకో, పోలండ్. మా తాత లిథువేనియా నుంచి ఈ దేశంలోని కార్క్‌కు వచ్చాడు. ఇప్పుడు మావాళ్లు ఎక్కువమంది ఇజ్రాయెల్‌లో, అమెరికాలో ఉన్నారు. ఇక్కడ నేనున్నాను."

నేల చూస్తూ కూర్చున్నాను. అప్పుడు మావాళ్లలో ఒకడు, డబ్లిన్ పక్కన లీక్స్‌లిప్‌లో పనిచేసే ఇంజనీరు, లేచాడు. "మేం యూదులమేనండి. గుంటూరు దగ్గర మావాళ్లు కొన్ని కుటుంబాలున్నారు. శనివారం ప్రార్థన చేసుకుంటాం."

మాలో పెద్దాయన, అందరూ అంకుల్ అని పిలిచే డాక్టరుగారు, నవ్వుతూ తెలుగులో అన్నారు. "మీ పేట నుంచి జెరూసలేం ఎన్ని కిలోమీటర్లురా?" ఆ 'పేట'లో, ఆ 'రా'లో కులం మాకందరికీ వినబడింది.

ఏమన్నాడని ముసలాయన అడిగాడు.

"జెరూసలేం దారి అడుగుతున్నారండి" అన్నాడు ఇంజనీరు.

"తరతరాలుగా మేమూ అదే అడుగుతున్నామని చెప్పు."

తర్వాత ఇంజనీరు చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "నిన్ను మా మతగురువులు, రబ్బీలు, ఒప్పుకుంటారో లేదో నాకు తెలీదు. ఈ గదిలో ఒప్పుకోవాల్సింది నేనే. అయితే ఇద్దరం."

ఇద్దరు పదిమంది కారు. ముసలాయన తెరిచిపెట్టుకున్న ప్రార్థన పుస్తకం మూసి, ముద్దుపెట్టుకుని, అలమరలో పెట్టేశాడు. చదవాల్సింది చదవకుండానే ఆమె ఏడాది గడిచిపోయింది. ఆశ లేని చోట ఆశ తెచ్చిపెట్టి, అదే బస్సులో వెనక్కి తీసుకెళ్లినవాణ్ణి నేను. ఆ ఇంటి కిటికీ వైపు చూడాలంటే ఇప్పటికీ మనసొప్పదు.

తిరిగి వెళ్లేటప్పుడు డాక్టరుగారు అలవాటుగా ముందు సీటు తలుపు తీశారు. "అంకుల్, అది ఇంజనీరుగారిది" అన్నాను. చివరి వరుసలో మధ్య సీటు చూపించి, ముసలాయన కోసం తెచ్చిన, వాళ్ల మతం ప్రకారం తినకూడదని అక్కడికి వెళ్లాక గానీ నాకు తెలియని బిర్యానీ గిన్నెను డాక్టరుగారి ఒళ్లో పెట్టాను. మూత వదులుగా ఉంది. సిటీవెస్ట్ దాకా ఒక్క గుంతనూ తప్పించలేదు.