అప్పగింతల మీద నేను వేసిన పాట

పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి బతికేవాణ్ణి నేను. చిత్తూరులో చిన్న షాపు. ఇన్నేళ్లలో నేర్చిన విద్య ఒక్కటే, ఏడవనివాళ్లను ఏడ్చినట్టు చూపించడం. పెళ్లికూతురు తల వంచుకుని చెప్పులు వెతుక్కుంటూ ఉంటుంది. ఆ బిట్టుకు వయొలిన్ వేస్తే పుట్టిల్లు వదల్లేక కుమిలిపోతున్నట్టే ఉంటుంది. అదే బిట్టుకు డప్పు వేస్తే జనం నవ్వుతారు. సినిమా హాల్లోనూ అంతే కదా. తలుపు ఇంకా తెరుచుకోకముందే మన గుండె దడదడలాడుతుంది. తలుపులో ఏముంది? అదంతా వెనకనుంచి వచ్చే మోత పని.

మా లైన్లో ఒక పద్ధతి ఉంది. అప్పగింతలు వచ్చేసరికి కెమెరాలో పడిన శబ్దం మొత్తం తీసేస్తాం. అందులో ఏముంటుంది, వంటవాళ్ల గిన్నెల చప్పుడు, జెనరేటరు రొద, కారు యాడుండాదప్పా అనే కేకలు. దాని బదులు ఒక ఏడుపు పాట పరిచేస్తే పని అయిపోతుంది.

మా చెల్లెలి పెళ్లి పూతలపట్టులో చేశాం. వీడియో నేనే ఎడిట్ చేశాను. నాయన చెల్లెలి చెయ్యి పట్టుకుని, చెవి దగ్గరికి వంగి ఏదో చెబుతున్న బిట్టు దొరికింది. దాని వేగం తగ్గించి, పాటలో గొంతు పైకి లేచే చోట సరిగ్గా పెట్టాను. ఆ తర్వాత చెల్లెలు పోయి కారులో డ్రైవరు పక్కన కూర్చుంది. మొగుణ్ణి వెనక వదిలేసి ఈ పిల్లకు ముందు సీటేమిటని విసుక్కుని, ఆ ముక్క కత్తిరించేశాను. పాటకు అడ్డం వచ్చింది మరి. చూసిన బంధువులంతా కొంగులతో కళ్లు ఒత్తుకున్నారు. నేను మీసం తిప్పుకున్నాను. కంప్యూటర్లో జాగా చాలక అసలు వీడియో చెరిపేశాను.

మరుసటి ఏడాది నాయన పోయాడు. ఆయనకు కెమెరా అంటే బిడియం. ఆయన మాట్లాడుతూ కనిపించేది ఆ ఒక్క బిట్టులోనే.

కర్మలన్నీ అయ్యాక ఒక మధ్యాహ్నం అమ్మ ఆ వీడియో పెట్టమంది. చెల్లెలు కూడా పక్కనే కూర్చుంది. అప్పగింతల పాట మొదలవగానే నా కళ్లు నిండాయి. అమ్మ మాత్రం చిరాకుగా చెయ్యి ఊపింది.

"ఆ పాట తీసెయ్ రా. మీ నాయన ఏందో చెప్తాండాడు, ఇనబడలేదు."

పాట తీస్తే కింద ఏమీ లేదని, అసలు వీడియో చెరిపేశానని చెప్పాను. ఆమె నాలుగు తిట్టినా బాగుండేది. రిమోటు అందుకుని శబ్దం ఆపేసి, ఆ బిట్టు మళ్లీ పెట్టించుకుంది. పాట లేకుండా చూస్తే నాయన ఏడవడమే లేదు. నుదురు ముడిచి, మర్చిపోకూడని పనేదో అప్పజెబుతున్నట్టు ఉన్నాడు. అన్నిసార్లు చూసిన వీడియోలో ఆ ముఖం నాకు అప్పుడే కనిపించింది.

నాయన ఏమన్నాడో అప్పుడు చెల్లెలు చెప్పింది.

"ముందు సీట్లో కూర్చోమ్మా, ఎనక కూర్చుంటే నీకు వాంతొస్తాది, ఎవురేమనుకున్యా సిగ్గుపడాకు అన్న్యాడు."

అత్తగారి ఊరు వడమాలపేట దాకా అలాగే ముందు కూర్చుని పోయిందట. చిన్నప్పుడు బస్సెక్కితే దాని చేతికి నిమ్మకాయ ఇచ్చేవాణ్ణి నేనే. నాకు తెలియని సంగతా? పాట వేసేటప్పుడు గుర్తు రాలేదు. నాయన మాటను తీసేశాను, ఆ మాట విన్న కూతుర్నీ కత్తిరించేశాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఇప్పుడు ఎవరి పెళ్లికైనా పాట కింద మాటలు ఉంచుతున్నాను. ఈ గోల ఏందప్పా అని కొందరు విసుక్కుంటారు, పడతాను. అసలు వీడియో మాత్రం చెరపను.

అమ్మ అప్పుడప్పుడు ఆ వీడియో చూస్తుంది. అప్పగింతలు రాగానే శబ్దం ఆపేస్తుంది. నాయన పెదాలు కదలగానే ఆ మాట తాను అంటుంది, ముందు సీట్లో కూర్చోమ్మా అని. నేను వేగం తగ్గించిన బిట్టు కాబట్టి, ఆయన పెదాలకు సరిపోయేలా సాగదీసి, నెమ్మదిగా అంటుంది.