కుడివైపు వంగిన కాడ

తమ్ముణ్ణి పోలీసులు పట్టుకెళ్ళారని ఫోను వచ్చినప్పుడు అద్దాలక్క చేతిలో బియ్యపుగింజలో సగం కూడా లేని స్క్రూ ఉంది. అది పట్టకారులోంచి జారి ఎక్కడో పడింది. ముప్ఫై ఏళ్ళ పనిలో స్క్రూలు పోగొట్టుకోవడం కొత్త కాదు గానీ, వెతక్కుండా షాపు మూసింది మాత్రం ఆ రోజే.

విరిగిన కళ్ళజోళ్ళు బాగుచేస్తుంది కాబట్టి వీధిలో అందరికీ ఆమె అద్దాలక్క. మేడమెట్ల కింద ఆమె షాపు. ఇద్దరు లోపలికొస్తే మూడోవాళ్ళు రోడ్డుమీద నిలబడాలి. భర్త పోయి పదేళ్ళయింది, పిల్లలు లేరు. తల్లి పోయేనాటికి తమ్ముడికి ఆరేళ్ళు, తనకి పంతొమ్మిది. చంకనేసుకుని పెంచింది. వాడు పెద్దయ్యాక స్కూలు బస్సు డ్రైవరయ్యాడు. ఆఖరి పిల్ల సీట్లో కూర్చునేదాకా బస్సు కదపడని మంచి పేరుంది.

భార్యని కొట్టాడని కేసు. ఆమె చెవిలో పొర చిరిగింది. చికిత్స చేసిన ఆసుపత్రివాళ్ళు పోలీసులకి తెలియజేస్తే, ఆమె ఫిర్యాదు రాసిచ్చింది.

"వాడు చీమక్కూడా హాని చెయ్యడు మేడం" అంది అద్దాలక్క స్టేషన్లో.

కేసు చూస్తున్న అధికారిణి రాస్తున్న కాగితం మీంచి తలెత్తలేదు. "ఫిర్యాదు చీమ ఇవ్వలేదమ్మా."

ఆ మాట అద్దాలక్కకి అరికాల్లో ముల్లులా గుచ్చుకుంది. మరదలి వెనక ఎవరో ఉన్నారని అప్పుడే అనుమానం మొదలైంది. లేకపోతే నోట్లో నాలుక లేని పిల్ల, ఎనిమిదేళ్ళ కాపురం తర్వాత పోలీసుల దాకా ఎలా వెళ్తుంది? ఎవరు నేర్పారు? ఈమధ్య ఫోను వస్తే పెరట్లోకెళ్ళి మాట్లాడుతోందని తమ్ముడు చెప్పనే చెప్పాడు.

మర్నాడు కోర్టులో ఆమె జామీను సంతకం పెట్టింది. తమ్ముడు ఆమె ఇంట్లోనే ఉండాలి. వాడి తరఫు లాయరుగారు వరండాలో వాడికి షరతులు విడమరిచి చెప్పాడు. "మీ ఇంటివైపు వెళ్ళకూడదు. ఆవిడతో మాట్లాడకూడదు. ఫోనులో కాదు, ఉత్తరంలో కాదు, ఇంకొకళ్ళ నోటితో కూడా కాదు. తప్పితే బెయిలు పోతుంది."

"ఆ అమ్మాయి మనసు మార్చుకుని కేసు వెనక్కి తీసుకుంటే సరిపోతుందిగా?" అంది అద్దాలక్క.

"ఇప్పుడది ఆవిడ కేసు కాదమ్మా, ప్రభుత్వానిది. ఆవిడ సాక్షి. సాక్షిని బతిమాలినా బెదిరించినా దానికి ఇంకో కేసు."

తమ్ముడు బుద్ధిగా తలూపాడు.

తమ్ముడి బట్టలు తేవడానికి వాడింటికి అధికారిణిని వెంటబెట్టుకుని వెళ్ళాల్సి వచ్చింది. మరదలు తన అక్కగారింటికి వెళ్ళడంతో ఇల్లు ఖాళీగా ఉంది. అద్దాలక్క కళ్ళు ఇల్లంతా గాలించాయి. వంటగది తొట్టిలో కడగని కప్పులు రెండు. ఒంటరిగా ఉన్న ఆడదానికి రెండు కప్పులెందుకు?

"చూశారా మేడం?" అంది, దొంగని పట్టుకున్నట్టు.

"ఒకటి నాది. నిన్న వాంగ్మూలం తీసుకోడానికొచ్చాను. వద్దన్నా కాఫీ ఇచ్చింది."

అద్దాలక్క ముఖం ముడుచుకుని తమ్ముడి సబ్బూ దువ్వెనా తీసుకోడానికి స్నానాలగదిలోకి వెళ్ళింది. తలుపు మూయబోతే లోపలి గడియ చేతికి తగిలింది. కొత్త గడియ. దాని పైన చెక్క చీలి, రెండుచోట్ల నాలుగేసి పాత స్క్రూ రంధ్రాలు. ఎవరో ఒక గడియ బిగించారు, అది ఊడొచ్చింది. కాస్త కింద ఇంకోటి బిగించారు, అదీ ఊడొచ్చింది. ఇది మూడోది. స్క్రూ దానంతటది వదులైతే రంధ్రం గుండ్రంగా అరుగుతుంది. బయటినుంచి తలుపుని తంతే చెక్క పేలికలుగా లేస్తుంది. స్క్రూలతోనే బతికిన మనిషికి ఇది ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు. ఆమె గడియ మీంచి చెయ్యి తీసేసి, సబ్బు మర్చిపోయి బయటికొచ్చింది.

అద్దాలక్క ఇంట్లో తమ్ముడు చిన్నప్పటిలాగే ఉన్నాడు. గిన్నెలు కడిగాడు, బట్టలు మడతపెట్టాడు. ఆమె మాత్రం వాడి చేతుల్ని చూడడం మొదలుపెట్టింది. వాడిది ఎడమచేతివాటం. గిన్నె తోమేదీ కత్తి పట్టేదీ ఎడమచేత్తోనే. తమ్ముణ్ణి అనుమానిస్తున్నందుకు తనమీద తనకే అసహ్యం వేసింది. అయినా చూపు మరల్చుకోలేకపోయింది.

నాలుగోరోజు భోజనాలయ్యాక వాడు పక్కన కూర్చున్నాడు. "అక్కా, నీ షాపులో కార్డులుంటాయి కదా. ఎవరి కళ్ళజోడు, ఏం విరిగింది, ఎలా విరిగిందీ రాస్తావుగా. దాని కళ్ళజోడు నాలుగుసార్లు బాగుచేశావు. ప్రతిసారీ కింద పడిందనే రాశావు. అవి కోర్టులో చూపిస్తే చాలంటున్నాడు లాయరు."

"చూస్తాను."

"ఇంకోటి. నువ్వోసారి దాన్ని కలిసిరా. చెవికి తలుపు తగిలిందని చెప్తే అందరికీ మంచిదని చెప్పు. కావాలంటే నేనే చెప్పమన్నానని చెప్పు, అర్థం చేసుకుంటుంది."

ఆ చివరి మాట వాడు చాలా మెత్తగా అన్నాడు.

మర్నాడు షాపులో కార్డులు తీసింది. నాలుగూ తన చేతిరాతే. కింద పడింది, మంచం మీంచి పడింది, మెట్లమీద పడింది, కింద పడింది. ఆ మాటల కింద ఏం బాగుచేసిందో కూడా రాసి ఉంది. నాలుగుసార్లూ చెవిమీద ఆనే కుడి కాడ మడత దగ్గర లోపలికి నొక్కుకుపోయింది. నాలుగుసార్లూ ముక్కుమీద ఆనే బిళ్ళ వంగింది. అద్దం మార్చినట్టు ఎక్కడా లేదు. కళ్ళజోడు నేలమీద పడితే ముందు అద్దానికి గీత పడుతుంది. ఇవి మనిషి ముఖంమీద ఉండగా, కుడివైపు నుంచి దెబ్బ తిని వంగినవి. ఎదురుగా నిలబడిన ఎడమచేతివాటం మనిషి కొడితే తగిలేది కుడివైపే.

ఇప్పుడే తెలిసిందా అని తనని తాను అడిగింది. రెండోసారి కాడ సరిచేస్తున్నప్పుడు, "జాగ్రత్తగా ఉండాలమ్మా, ఎప్పుడూ పడేసుకుంటావు" అని మరదల్ని మందలించడం గుర్తుంది. అప్పుడు మరదలు తనవైపే చూస్తూ నిలబడడం కూడా గుర్తుంది.

లాయరుగారి దగ్గరికెళ్ళింది. "నేను రాసింది ఒకటి, చూసింది ఒకటి. ఏం చెయ్యమంటారు?"

ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. "నేను మీ తమ్ముడి లాయర్నమ్మా. మీకు సలహా చెప్పకూడదు. ప్రమాణం చేసి అబద్ధమాడితే జైలు మీకూ ఉంటుందని మాత్రం చెప్పగలను."

కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందని మూడురోజులు ఆలోచించింది. నాలుగోరోజు కార్డులు అధికారిణికి ఇచ్చింది. జామీను వెనక్కి తీసుకుంటానంది. తనని కబురు మోయమన్న సంగతి కూడా చెప్పింది. వారం తిరక్కుండా బెయిలు రద్దయింది. వాడు గుమ్మం దాటుతూ, "నువ్వు నా అక్కవేనా?" అన్నాడు. ఆమె సంచిలో వాడి చొక్కాలు సర్దుతూ ఉండిపోయింది.

విచారణ రోజు ఆమె బోనులో నిలబడి ఒక పాత కళ్ళజోడుతో కాడ ఎలా వంగుతుందో జడ్జిగారికి చూపించింది. లాయరుగారు అడిగాడు: "కింద పడిందని మీరే రాశారు కదా?" "రాశాను. ఆ అమ్మాయి చెప్పింది రాశాను. నమ్మి రాయలేదు."

వరండాలో మరదలు ఎదురైంది. కొత్త కళ్ళజోడు, వేరే ఎక్కడో చేయించుకుంది. ఎడమ చెవి ఇటు తిప్పి నిలబడింది. కుడి చెవి సరిగ్గా వినబడడం లేదు.

"మీకు మొదటిసారే తెలుసు కదా వదినా" అంది. గొంతులో కోపం లేదు.

"రెండోసారి తెలిసింది" అంది అద్దాలక్క.

మరదలు తన అక్క చెయ్యి పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

తమ్ముడికి ఏడాది జైలు పడింది. బయటికొచ్చాక ప్రవర్తన దిద్దుకునే తరగతులకి తప్పనిసరిగా హాజరు కావాలి, మూడేళ్ళపాటు భార్య దరిదాపులకి వెళ్ళకూడదు. స్కూలు బస్సు ఇక నడపనివ్వరు. వీధిలో కొందరు అద్దాలక్కతో మాట్లాడడం మానేశారు. తోడబుట్టినవాణ్ణే పట్టించింది, రేపు మనల్ని వదుల్తుందా అని ఒకావిడ ఆమెకి వినబడేట్టే అంది. ఆవిడ కళ్ళజోడు మాత్రం బాగవడానికి ఈ షాపుకే వచ్చింది, కోడలి చేతికిచ్చి పంపింది.

విడుదలైన రోజు పొద్దున తమ్ముడు ఫోను చేశాడు. ఏడాది తర్వాత వాడి గొంతు వినగానే ఆమెకి కళ్ళు చెమర్చాయి. తిన్నావా అని అడగబోయింది.

"అక్కా, అదిప్పుడు ఎక్కడుంటోంది?"

"నాకు తెలియదురా."

"నీకు తెలుసు."

"తెలిసినా చెప్పను."

ఫోను పెట్టేశాడు. ఆమెకి నిజంగానే తెలియదు. ఏ ఊళ్ళో ఉందో, ఏం చేస్తోందో ఒక్కసారి కూడా వాకబు చెయ్యలేదు. షాపు తాళం తీయకుండానే మెట్లమీద కూర్చుని అధికారిణి నంబరుకి ఫోను చేసి, వాడు ఎన్నింటికి మాట్లాడాడో, ఏ మాట అడిగాడో పొల్లుపోకుండా చెప్పింది.