జాబితాలో ఒక్క పేరు

ఆ ఆసుపత్రిలో ఆయన్ని అందరూ తాళాలాయన అంటారు. నడుముకి తాళాల గుత్తి ఉండి కాదు. ఏ కంప్యూటర్లో ఎవరు ఏం చేయొచ్చో, ఏం చేయకూడదో తేల్చేది ఆయనే. ఇరవై రెండేళ్ళ సర్వీసులో అడిగినవాళ్ళకి అడిగినంత ఇచ్చిన పాపాన పోలేదు. కాళ్ళావేళ్ళా పడితే సగం ఇస్తాడు, అదీ గొణుక్కుంటూ. ఇంట్లో టీవీ రిమోటు కూడా ఆయన చేతిలోనే ఉంటుందని భార్య ఊరంతా చెబుతుంది.

డయాలసిస్ సిస్టరు మీద మెమో సిద్ధమైంది. రేపు ఎవరి వంతు ఎన్నింటికో రోగుల ఫోన్లకి రోజూ సాయంత్రం ఆరింటికి దానంతటదే మెసేజీ వెళ్తుంది. అవసరమైతే ఆ మెసేజీ వేళ మార్చేది ఆవిడే. శనివారం ఒక మెషీను చెడిపోయి మర్నాటి వంతులన్నీ ముందుకు, తెల్లవారుజాముకి జరిగాయి. మెసేజీ మధ్యాహ్నమే పంపబోతే "నీకు అనుమతి లేదు" అంది కంప్యూటరు. ఆవిడ అందరికీ ఫోన్లు చేసింది. ఒక రిటైరైన కండక్టరు మాత్రం ఎత్తలేదు. ఆరింటికి మెసేజీ చూసుకునేసరికి ఆఖరి బస్సు వెళ్ళిపోయింది, వంతు తప్పింది. సోమవారం ఆయాసంతో మోసుకొచ్చారు. బతికాడు, అదృష్టం.

"మొన్నటిదాకా ఉన్న అనుమతి ఎక్కడికి పోతుందమ్మా? మర్చిపోయానని ఒప్పుకోవచ్చుగా!" అన్నాడు సూపరింటెండెంటు. కంప్యూటర్లో లోపం లేదని తాళాలాయన ఓ ముక్క రాసిస్తే ఆవిడ ఉద్యోగం ఊడినట్టే.

తాళాలాయన చూశాడు. ఆవిడ ఖాతా బాగానే ఉంది. వద్దన్నవాళ్ళ జాబితాలో పేరు లేదు. రాసిచ్చేద్దామనుకుంటూనే, ఎందుకో మెసేజీ వేళ మార్చే అనుమతి ఉన్నవాళ్ళ జాబితా తెరిచాడు. ఒక్కటే పేరు, కొత్త ఫార్మసిస్టుది. మందుల మెసేజీలకని శుక్రవారం తనే రాశాడు. అంతకుముందు అసలు ఆ జాబితాయే లేదు. అది లేనన్నాళ్ళూ అందరికీ అనుమతే. అది పుట్టిందంటే మాత్రం అందులో పేరున్నవాళ్ళకే. ఒకడికి ఇచ్చాననుకుని మిగతా అందరి దగ్గరా లాక్కున్నాడు మహానుభావుడు!

కిమ్మనకుండా ఆవిడ పేరు చేరిస్తే, లోపం లేదన్న మాట నిజమే అవుతుంది. అడిగే నాథుడు లేడు. మెమో మీద ఆవిడ పేరు మళ్ళీ చదివాడు. తర్వాత ఆవిడ పేరుతో పాటు మిగతావాళ్ళవీ చేర్చి, పనిచేస్తోందని చూసుకుని, తప్పు నాదేనని రెండు వరుసలు రాసి సూపరింటెండెంటు బల్లమీద పెట్టాడు. మెమో మీద పేరు మారింది.

అక్కణ్ణించి సిస్టరు దగ్గరికెళ్ళాడు. "తప్పు నాదేనమ్మా. కంప్యూటర్లో చూశాను, నిజంగానే నీకు అనుమతి లేదు" అన్నాడు తల దించుకుని.

ఆవిడ రోగి చేతికి బీపీ పట్టీ చుట్టడం ఆపలేదు.

"కంప్యూటరు చెబితే నమ్మారు సార్. మూడ్రోజులుగా నేను మొత్తుకుంటున్నదీ అదే మాట."