అత్తగారు కోసిన కలబంద

యొలీమాకు నోరు తక్కువ, పట్టు ఎక్కువ. మడ అడవిలో వేళ్ళ సందున బురదలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చిందంటే, పియాంగ్వా దొరక్కుండా ఆ చెయ్యి బయటికి రాదు. ఆ నల్ల గుల్లలే మా ఏటి మొగలో ఆడవాళ్ళ కూడు. లోపల ముళ్ళ చేప ఉంటే ఏం చేస్తావే అని మేమంతా భయపెడితే, "దానికి మాత్రం నేనంటే బయం ఉండదేటి?" అనేది.

నేనూ ఆమే ఒకే దోనెలో పోతాం. ఆమె కొడుకు ఎల్కిన్‌కి బాప్తిస్మమప్పుడు జ్ఞానతల్లిగా నిలబడింది నేనే. అప్పటినుంచీ ఒకరినొకరం కొమాద్రే అని పిలుచుకుంటాం. వాడు పుట్టాక యొలీమా ఆరు నెలలు ఇంటి పట్టునే ఉండి, చనుబాలు తప్ప ఇంకేమీ పట్టలేదు. పిల్లవాడు గుమ్మడికాయలా తయారయ్యాడు. ఆరు నిండగానే కూర అరటికాయ మెత్తగా నలిపి నాలిక మీద పెడితే, మొహం అష్టవంకర్లు తిప్పి, చివరికి మింగాడు. ఆ తర్వాత ఆమె మళ్ళీ మడలోకి వచ్చింది. సముద్రపు నీరు వెనక్కి తీసిన వేళకి మడలో దోనె కట్టాలి, పోటు రాగానే తిరగాలి. సముద్రం మనకోసం ఆగదు, పిల్లవాడి ఆకలికోసమూ ఆగదు. ఆ కాస్త సేపూ వాడిని అత్తగారు తెయోఫిలా చూసుకునేది.

తెయోఫిలా అంటే ఒకప్పుడు మడ అడవికే మహారాణి. ఆమె బుట్ట నిండాకే మిగతా ఆడవాళ్ళ బుట్టలు నిండేవి. ఇప్పుడు మడలోకి రావడం లేదు. ఎందుకు మానేశావని ఎవరైనా అడిగితే, "నేనొత్తే మీకేటి మిగుల్తాది?" అనేది. ఆ మాటకు అందరం నవ్వేవాళ్ళం.

ఏడో నెల నిండేసరికి పిల్లవాడు చిక్కిపోయాడు. చెంచా చూపిస్తే మొహం తిప్పుకునేవాడు. పాలకి కూడా మునుపటి ఆబ లేదు. రెండు గుటకలు వేసి, ఊరికే నోట్లో పెట్టుకుని పడుకునేవాడు. తెయోఫిలా తీర్పు చెప్పేసింది.

"బురదలో నానిన ఒళ్ళు, ఎండలో కాగిన పాలు. అయ్యి తాగి పిల్లోడు ఎండిపోతన్నాడు. రొమ్ముకి కలబంద రాసుకుని పాలు మానిపించెయ్. రొమ్ము లేదని తెలిత్తే కూడు ఆడే తింటాడు."

"కూడూ తింటాడు, పాలూ తాగుతాడు. రెండూ ఉండాల్సిందే అత్తా," అంది యొలీమా.

ఆమె మొండితనానికి కారణం ఉంది. తన చెల్లెలి బిడ్డకి ఇలాగే తొందరపడి పాలు మానిపించారు. వానాకాలంలో విరేచనాలు పట్టుకున్నాయి. కూడు లోపల నిలవలేదు, పట్టడానికి పాలు లేవు. ఆ చిన్న శవపెట్టెను ఏరు దాటించిన దోనెలో తెడ్డు వేసింది యొలీమాయే. తన కొడుక్కి పాలు మానిపించడమంటే ఆమెకు ఆ దోనె మళ్ళీ ఎక్కడమే.

తుమాకో పట్నం నుంచి పడవలో వచ్చే నర్సు పిల్లవాడిని తూచి, మొహం ముడుచుకుంది.

"పాలు మాన్పించకమ్మా. అలాగని పాలొక్కటే ఈ వయసుకి చాలవు. పాలిచ్చి, ఆ తర్వాత తినిపించు. చారు నీళ్ళు కాదు, చెంచా వంచినా జారనంత చిక్కగా ఉండాలి. చేపైనా, గుల్లల మాంసమైనా మెత్తగా నూరి కలుపు."

"తింటే కదమ్మా పెట్టేది."

"ఆకలేసిన పిల్లాడు రెండిట్లో ఒకటైనా ఆబగా అందుకోవాలి. రెండూ వద్దంటున్నాడంటే మధ్యలో ఇంకేదో పడుతోంది."

పక్కనే కూర్చున్న తెయోఫిలా ఏటివైపు చూస్తూ, పడవలు లెక్కపెడుతున్నట్టు మొహం పెట్టింది.

మధ్యలో పడుతున్నదేమిటో చీమలు చెప్పాయి. ఒకరోజు మడనుంచి వచ్చేసరికి, ఊయల తాడు వెంట చీమలు బారు కట్టి పిల్లవాడి మెడ దగ్గరికి దిగుతున్నాయి. యొలీమా వాడి మెడ మడతల్లో వేలు రాసి నాకి చూసింది. తియ్యగా ఉంది. బియ్యం డబ్బా వెనక వెతికితే పాలసీసా దొరికింది, అడుగున బెల్లం నీళ్ళతో.

మరునాడు దోనెలో ఈ సంగతి చెబితే నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఇంకా ఊరుకున్నావేటి? ఎల్లి మీ అత్తని కడిగి పారెయ్."

"కడిగేత్తాను. రేపు పిల్లోడిని ఎవరు సూత్తారు? నువ్వా?"

నేను తెడ్డు వేశాను. నేను పిల్లవాడిని చూస్తే దోనె ఎవరు నడుపుతారు?

ఆ సాయంత్రం ఆమె అత్తగారిని నిమ్మళంగానే అడిగింది, నా ఎదురుగానే.

"ఇత్తే ఏటే?" అంది తెయోఫిలా. "నా పిల్లలందరూ ఆ నీళ్ళతోనే పెరిగారు. ఇదిగో, నీ మొగుడు పెరగలేదా?"

యొలీమా మొగుడు సెగుందో అక్కడే వల బాగుచేసుకుంటున్నాడు. ముప్పై దాటకుండానే వాడి ముందుపళ్ళన్నీ పుచ్చి రాలిపోయాయి.

"పెరిగాడత్తా. ఒకసారి నవ్వమను."

సెగుందో నవ్వు ఆపుకోలేక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నేను ఆ అడ్డం కూడా పెట్టుకోలేదు. తెయోఫిలా మాత్రం నవ్వలేదు. ఇక ఇవ్వనని మాట ఇచ్చింది. కానీ చీమలు రావడం మానలేదు.

పైగా ఒక తెల్లవారుజామున, వంట బల్లమీద అప్పుడే కోసిన కలబంద ముక్క పెట్టి, కోడలికి చూపించింది. "ఇయ్యాళ రాసుకునెల్లు. నువ్వొచ్చేసరికి ఆడే మరిచిపోతాడు," అని చెప్పి కోళ్ళకు మేత వెయ్యడానికి కిందికి దిగింది.

నేను దోనె సిద్ధం చేసి, పిలవడానికి ఏటి ఒడ్డున గుంజల మీద కట్టిన వాళ్ళింటి మెట్లెక్కాను. యొలీమా కలబంద కోసిన చోట పచ్చటి చేదు కారుతుంటే చూస్తూ నిలబడి ఉంది. తర్వాత బియ్యం డబ్బా వెనకనుంచి సీసా తీసి, రబ్బరు పీకకి చుట్టూ శుభ్రంగా రాసింది. తిరిగి ఎక్కడిదక్కడ పెట్టేసింది. పొయ్యిమీద చిన్న కుండలో అరటికాయా, నూరిన పియాంగ్వా, కాసిన్ని కొబ్బరిపాలూ చిక్కగా ఉడికి ఉన్నాయి. దానిమీద మూత పెట్టి, "ఈ కుండ ఆడిది అత్తా," అని కిందికి వినబడేలా చెప్పింది. పిల్లవాడికి పాలిచ్చి నాతో వచ్చేసింది. నర్సుకు తెలిస్తే మా ఇద్దరినీ కలిపి తిట్టి ఉండేది.

ఆరోజు మడలో ఆమె చెయ్యి మొదటిసారి ఖాళీగా బయటికి రావడం చూశాను. దోమలకని వేసుకున్న కొబ్బరిపీచు పొగలో కళ్ళు మండుతున్నాయని అంది గాని, ఆ ఎరుపు పొగ వల్ల వచ్చింది కాదు. కాసేపటికి ఆమె చొక్కా రొమ్ముల దగ్గర తడిసిపోయింది.

"ఏడుత్తన్నాడు కొమాద్రే," అంది.

"ఇంత దూరం నీకెలా ఇనబడిందే?"

"పాలు దిగినాయి కదా."

పోటు రాకముందే తిరిగాం. నా బుట్ట సగమే నిండింది. ఇంకెప్పుడైనా అయితే యొలీమాకి నాచేత నాలుగు మాటలు పడేవి.

రేవులో దిగేసరికి ఇంట్లోంచి ఏడుపు వినబడలేదు. యొలీమా బురద కాళ్ళతోనే మెట్లు ఎక్కేసింది, వెనకే నేను. తెయోఫిలా నేలమీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. పిల్లవాడు ఆమె ఒడిలో, గడ్డం దాకా అరటికాయ పూసుకుని, ఆమె వేలు చీకుతున్నాడు. పక్కన కుండ ఖాళీగా ఉంది. సీసా గది మూలకు దొర్లిపోయి ఉంది.

తెయోఫిలా పలకల సందులోంచి కింద నీళ్ళలోకి ఉమ్మింది.

"సీసా పెడితే ఇల్లెగిరిపోయేలాగ ఏడిసాడు. నీళ్ళు పులిసినాయేమోనని నేనే పీక నోట్లో పెట్టుకున్నాను. నా నోరింకా సేదు ఒదల్లేదు."

నేను యొలీమా మొహం చూశాను. తప్పు చేశానన్న మొహం కాదు, తగ్గుతానన్న మొహమూ కాదు.

"ఇక నీ కుండే దిక్కయింది," అంది ముసలామె. "మొదట ఉమ్మేసాడు. తరవాత నా ఏలే కొరికాడు. ఇప్పుడు కడుపు నిండా తిన్నాడు. ఇంక నీ పాలు ఆడికెందుకు? ఇదేనా నువ్వు కోరుకున్నది?"

అది ములుకులాంటి మాటే. యొలీమా చేతులూ రొమ్మూ కడుక్కుని వచ్చి కూర్చుంది. పిల్లవాడు తల్లిని చూశాడు. అవ్వ వేలు వదిలేసి, ఆ అరటికాయ మూతితోనే ఎగబాకి రొమ్ము అందుకున్నాడు. గుటకలు గది అవతలికి వినబడ్డాయి. చాలా రోజులకి విన్న చప్పుడు అది. యొలీమా ఏడ్చేసింది, నాకూ కన్నీళ్ళు ఆగలేదు.

తెయోఫిలా చాలాసేపు చూసి, తన మోకాళ్ళ వంక తల దించుకుంది.

"ఏడిత్తే ఎత్తుకు తిరగాలి కదే. ఈటితో ఎలా తిరగను? ఆడినెత్తుకుని లేచి నిలబడ్డమే అవదు. ఆ తీపి నీళ్ళు ఇత్తే కూకున్న సోటే ఊరుకునేవోడు."

మడ ఎందుకు మానేసిందో అప్పుడు తెలిసింది నాకు. ఇన్నేళ్ళూ మేం నవ్వింది ఆ మోకాళ్ళకన్నమాట.

యొలీమా పిల్లవాడిని రొమ్మునుంచి తియ్యకుండానే రెండో చెయ్యి చాపి, బల్లమీద మిగిలిన కలబంద ముక్క అందుకుంది. లోపలి జిగురు గీకి, అత్తగారి వాచిన మోకాలికి మెల్లగా రాయడం మొదలుపెట్టింది.

"ఊయల కిందికి కడతానత్తా. కూకునే ఊపొచ్చు, కూకునే తినిపించొచ్చు. సీసా మాత్రం ఉండదు."

తెయోఫిలా రెండో కాలు కూడా ఇటు జరిపింది.

"అయితే రేపు ఇంకాస్త ఎక్కువ ఉడకెయ్," అంది. "నోరు సేదని నేనూ నాలుగు ముద్దలు తిన్నాను. ఆ కుండ మా ఇద్దరికీ సాల్లేదు."