ఊటగట్టు మీది దిండు మొక్కలు

కొండ మీది ఆ వీధిలో అందరూ అతణ్ణి అడివల్లుడు అనేవారు. దిగువ అడవిలో చెట్లూ తీగలూ నరికి దారులు తీయడం ఒకప్పుడు అతని పని. అక్కడ చెట్టు వెలుగు కోసం పక్క చెట్టు భుజాలెక్కుతుంది. ఇవాళ నరికిన తీగ నాలుగు వానలకే మళ్ళీ కాళ్ళకు చుట్టుకుంటుంది. భార్యకు ఆ ఉక్క పడక ఇల్లరికం వచ్చాడు. ఇక్కడ చెట్టన్నదే లేదు. చలిగాలికి జడిసి, దిండ్లలా నేలను కరుచుకున్న మొక్కలే.

"ఇవేం మొక్కలత్తా, రాయికి పాచి పట్టినట్టు!" అని నవ్వేవాడు.

వీధంతటికీ ఒక్కటే ఊట. ఒకనాడు నీళ్ళకు వెళ్ళిన అత్త దాని గట్టు మీద జారిపడింది. మర్నాడు ఆమె లేవకముందే అతను వెళ్ళి, ఊట పైవాలులో మొక్కలన్నీ పెరికి పక్కన పోసి, మెట్లు చెక్కి వచ్చాడు. పుణ్యం చేసినంత సంతోషం.

ఆ సాయంత్రం వాన పడింది. తెల్లారేసరికి ఊట బురదై పారుతోంది.

"నీ అల్లుడు మెట్లు కట్టి మట్టి తాగిస్తున్నాడమ్మా!" పక్కింటావిడ బిందె ఎత్తి చూపింది.

అతని ముఖం మాడిపోయింది. "నెల తిరక్కుండా మళ్ళీ మొలుస్తాయిగా అత్తా?"

అత్త వాలు వైపు చూసింది. "మా అమ్మ ఆ మొక్కల పక్కనే కూర్చోబెట్టి నాకు జడవేసేది నాయనా. అప్పటికీ ఇప్పటికీ బెత్తెడు పెరిగాయేమో."

అతను వాలు దగ్గరికి పోయి, పెరికిన కుప్ప ముందు కూలబడ్డాడు. గుప్పెడు మొక్కకు మూరెడు వేరు! ఇన్నాళ్ళూ ఆ వేళ్ళే మట్టిని పట్టి ఉంచాయి. దేవుడు ఒక్కోచోట ఒక్కోలా ప్రాణం పోశాడు. తనకు తెలిసింది ఒక్క చోటే. ఒక్కొక్కటీ తిరిగి నాటసాగాడు.

కాసేపటికి అత్త కుంటుతూ వచ్చింది, ఒడినిండా రాళ్ళతో. "చుట్టూ రాళ్ళు పెట్టు. లేకపోతే గాలికి లేచిపోతాయి."

వెనకే పక్కింటావిడ. "మీ గడప దగ్గర వడకట్టిన నీళ్ళు పెట్టానొదినా," అంటూ తానూ వంగింది.

"బతుకుతాయా అత్తా?"

"ఏమో నాయనా. నాటినవాడు చూసేది తక్కువే ఇక్కడ. గట్టిగా నొక్కు."

మళ్ళీ మబ్బు పట్టింది. మొదటి చినుకు పడగానే వాళ్ళిద్దరూ ఇంటిదారి పట్టారు. అతను కదల్లేదు. ఆ మొక్కల్లాగే నేలకు ఒదిగి కూర్చుని, కింద పారే నీటి రంగునే చూస్తున్నాడు.